రమ్మీ, మందు, సిగరెట్టు: వ్యసనం దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వం ఎవరి వైపు?

2025 ఆగస్టులో మూడే మూడు రోజుల్లో ఒక పెద్ద వ్యాపారం చాప చుట్టేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం, అంతే, డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద, రమ్మీ పోకర్ ఫాంటసీ క్రికెట్ అన్న తేడా లేకుండా, దేశమంతటికీ ఒకటే నిషేధం. నడిపినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. యాడ్ చేసినవాళ్లకి రెండేళ్లు, 50 లక్షలు. డబ్బు అటూ ఇటూ పంపిపెట్టే బ్యాంకులు, పేమెంట్ కంపెనీలు కూడా దొరికిపోతాయి. ఆడినవాడికి మాత్రం ఈ చట్టంలో ఏ శిక్షా లేదు.

అప్పుడు ఎక్కడ చూసినా రెండు మాటలే వినపడ్డాయి. ఒకటి, మంచి పని చేశారు, ఎన్ని ఇళ్లు కూలిపోయాయో అని. రెండోది, నా డబ్బు నా ఇష్టం, మధ్యలో గవర్నమెంటుకేం పని అని. వీటి మధ్యలో ఎవరో ఒకరు మెల్లిగా మూడో ప్రశ్న వేసేవాళ్లు, మరి వైన్ షాపులు ఎందుకు తెరిచి ఉన్నాయి అని. దాన్ని అందరూ ఎత్తిపొడుపు అనుకుని వదిలేశారు గానీ, అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉందని నా అభిప్రాయం. అందుకే మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తాను, కొంచెం ఓపిగ్గా చదవండి.

రమ్మీ కథ మన సికింద్రాబాద్‌లోనే మొదలైంది. 1963లో అక్కడ ఒక క్లబ్బు మీద పోలీసులు రైడ్ చేసి, డబ్బులు పెట్టి పేకాడుతున్నారని కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. 1967 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఏమందంటే, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు, పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి ఏది పారెయ్యాలి అని ఆలోచించాలి, కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట, జూదం కాదు అంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ కేసు అంటారు దీన్ని.

ఈ తీర్పు అంత ముఖ్యం ఎందుకైందంటే, దానికి పదేళ్ల ముందు 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టే జూదం అనేది వ్యాపారం కిందకి రాదు, దానికి రాజ్యాంగం ఇచ్చే వ్యాపార స్వేచ్ఛ వర్తించదు అని తేల్చేసింది. అంటే జూదమని ముద్ర పడితే ప్రభుత్వం ఏమైనా చెయ్యొచ్చు, స్కిల్ అని ముద్ర పడితే అది పప్పులు ఉప్పులు అమ్ముకునే వ్యాపారంతో సమానం, ముట్టుకోవాలంటే ప్రభుత్వం గట్టి కారణం చూపించాలి. ఇంత పెద్ద తేడా ఒక్క ముద్ర మీద ఆధారపడి ఉంది కాబట్టి, స్మార్ట్‌ఫోన్లు వచ్చాక యాప్ కంపెనీలన్నీ సికింద్రాబాద్ క్లబ్బు తీర్పుని చేతిలో పట్టుకుని బయల్దేరాయి.

కానీ అదే తీర్పులో ఇంకో మాట ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా ఎత్తరు. పందెం కట్టి ఆడే ఆట మీద క్లబ్బు యజమాని గనక లాభం చేసుకుంటుంటే అప్పుడు నేరం అవ్వొచ్చు అని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ క్లబ్బు వాళ్లు తీసుకున్నది కూర్చున్నందుకు కొంచెం ఫీజు, అది లాభం లెక్కలోకి రాదు కాబట్టి బయటపడ్డారు. మరి ప్రతి ఆటలోంచి, ప్రతి టేబుల్ నుంచి కమిషన్ కోసుకుని బతికే యాప్ సంగతేంటి? దాని వ్యాపారమే అది కదా. తీర్పులో తమకి పనికొచ్చే సగం పట్టుకుని రెండో సగం వదిలేశారు, కోర్టుల్లో కూడా చాలాకాలం వాదనంతా స్కిల్లా కాదా అన్న దాని చుట్టూనే తిరిగింది.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇక్కడే. స్కిల్లా అదృష్టమా అన్న ప్రశ్నకి, ఆ వస్తువు మనిషిని పట్టి పీడిస్తుందా లేదా అన్న ప్రశ్నకి సంబంధమే లేదు. నైపుణ్యం ఉన్న ఆటకి కూడా మనిషి బానిస అవుతాడు, నిజం చెప్పాలంటే ఇంకా ఎక్కువ అవుతాడు, ఎందుకంటే ఓడిపోయినప్పుడల్లా నాకు ఆట రాదు అనుకోడు, ఈసారి జాగ్రత్తగా ఆడితే పోయిందంతా వచ్చేస్తుంది అనుకుంటాడు. లాటరీ టికెట్టు కొన్నవాడికి ఆ భ్రమ అంతగా ఉండదు.

క్లబ్బులో రమ్మీకి, ఫోన్‌లో రమ్మీకి ముక్కలు అవే, రూల్స్ అవే, కానీ మిగతాదంతా వేరు. క్లబ్బుకి వెళ్లాలంటే ఇంట్లోంచి బయటికి రావాలి, నలుగురు చూస్తారు, జేబులో ఉన్నంతే పెడతాడు, రాత్రికి క్లబ్బు మూసేస్తారు, టేబుల్ దగ్గర కూర్చున్న స్నేహితుడే ఇంక చాల్లేరా లే అంటాడు. ఫోన్‌లో అవేవీ లేవు. రాత్రి రెండింటికి కూడా టేబుల్ రెడీ. పాయింట్స్ రమ్మీ అయితే ఒక ఆట కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, వెంటనే ఇంకోటి. డబ్బు వెయ్యడానికి యూపీఐలో క్షణం చాలు. చేరగానే బోనస్, రెండ్రోజులు ఆడకపోతే రమ్మని మెసేజీ, ఓడిపోతే క్యాష్‌బ్యాక్. జేబు ఖాళీ అయితే పక్కనే ఇంకో యాప్ ఐదు నిమిషాల్లో అప్పిస్తుంది. ఆ అప్పుల యాప్‌ల వేధింపులు ఎంత దాకా వెళ్లాయో 2020 డిసెంబర్‌లో హైదరాబాద్ పోలీసులు పెట్టిన కేసుల్లో అందరం చూశాం, ఆ తర్వాత రెండేళ్లకి గానీ రిజర్వ్ బ్యాంక్ డిజిటల్ అప్పులకి నిబంధనలు తేలేదు.

ఎప్పుడు గెలుస్తామో తెలియకుండా అప్పుడప్పుడు గెలిపించడం, కొంచెంలో పోయింది అనిపించడం, ఆటకీ ఆటకీ మధ్య ఆలోచించుకునే టైమ్ ఇవ్వకపోవడం, ఇవి మెదడుని ఎలా కట్టిపడేస్తాయో మానసిక శాస్త్రంలో దశాబ్దాలుగా తెలిసిన సంగతే. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో జూదం జబ్బుని మందు, డ్రగ్స్ వ్యసనాలున్న వర్గంలోకే మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల జాబితాలో జూదంతో పాటు వీడియోగేమ్‌ల వ్యసనాన్ని కూడా చేర్చింది. కాబట్టి వాడికి కంట్రోల్ లేదు, వాడి ఖర్మ అని మనం అనే మాట సగం కూడా నిజం కాదు, అవతల అతన్ని పట్టి ఉంచడానికే జీతాలు తీసుకుని పనిచేసే టీములు ఉన్నాయి.

సరే, ప్రభుత్వాలు ఏం చేశాయి? రాజ్యాంగంలో బెట్టింగ్, జూదం అనేవి రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి, మందు కూడా రాష్ట్రాలదే. అందుకని మొదట రాష్ట్రాలే కదిలాయి. తెలంగాణ 2017లో ఆర్డినెన్స్ తెచ్చి, స్కిల్ ఆటలకున్న మినహాయింపుని తీసేసి ఆన్‌లైన్ రమ్మీని ఆపేసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. రమ్మీ యాడ్ చివర్లో గబగబా చదివే మాటలు గుర్తున్నాయా, ఇది అలవాటుగా మారొచ్చు, ఫలానా రాష్ట్రాల వాళ్లు ఆడకూడదు అని, ఆ లిస్టులో మన రెండు రాష్ట్రాలూ అందుకే ఉండేవి. అయితే ఫోన్‌కి రాష్ట్ర సరిహద్దు ఎక్కడుంది? లొకేషన్ మార్చే యాప్ ఒకటి వేసుకుంటే హైదరాబాద్‌లో కూర్చున్నవాడు బెంగుళూరులో ఉన్నట్టు కనపడతాడు. ఇంకోపక్క తమిళనాడు, కేరళ, కర్ణాటక కూడా ఆపాలని చూస్తే 2021, 2022లో అక్కడి హైకోర్టులు అదే స్కిల్ వాదన మీద కొట్టేశాయి.

కేంద్రం 2023 ఏప్రిల్‌లో ఐటీ రూల్స్ మార్చి, పరిశ్రమే ఏర్పాటు చేసుకునే సంస్థలు ఏ ఆట మంచిదో ఏది కాదో చూస్తాయి అంది. ఆ సంస్థలు ఏర్పడనే లేదు. కానీ అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి ఒక పని మాత్రం ఆలస్యం లేకుండా జరిగింది. అప్పటిదాకా కంపెనీ తీసుకునే కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ ఉండేది, దాన్ని ఆడేవాడు వేసే మొత్తం డబ్బు మీద 28 శాతం చేశారు. దీని అర్థం ఏంటో ఒక్కసారి ఆలోచించండి. ఒక ఆటోడ్రైవర్ వెయ్యి రూపాయలు వేస్తే, ఆట మొదలవ్వకముందే కేంద్రానికి, రాష్ట్రానికి అందులో వాటా లెక్క తేలిపోయింది. అతను ఎంత ఎక్కువ వేస్తే వాటా అంత ఎక్కువ. ఆన్‌లైన్‌లో ఆడటం నేరమని చట్టం చేసుకున్న రాష్ట్రాలు కూర్చున్న జీఎస్టీ కౌన్సిల్లోనే ఈ నిర్ణయం జరిగింది. అంటే రెండేళ్ల పాటు నియంత్రణ లేదు, పన్ను మాత్రం ఉంది.

ఆ తర్వాత 2025లో ఒక్కసారిగా నిషేధం. కోట్ల మంది ఏటా వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే కారణం చెప్పింది. స్కిల్లా అదృష్టమా అన్న గీతని ఈ చట్టం చెరిపేసింది, డబ్బు పందెం ఉందా లేదా అన్నదే లెక్క. ఈ-స్పోర్ట్స్‌ని, అంటే పోటీలుగా ఆడే వీడియోగేమ్‌లని, ఊరికే సరదాకి ఆడేవాటిని విడిగా పెట్టింది. ఆడేవాడిని బాధితుడిగా చూసి, నడిపేవాడిని, ప్రచారం చేసేవాడిని, డబ్బు దారిని పట్టుకుంది. ఈ మూడూ సరైనవే అని నేను గట్టిగా నమ్ముతాను. కంపెనీలు కోర్టుకెళ్లాయి, వేర్వేరు హైకోర్టుల్లో ఉన్న పిటిషన్లని సుప్రీంకోర్టు తన దగ్గరికి తెప్పించుకుంది, బెట్టింగ్ రాష్ట్రాల అంశం కదా కేంద్రం ఎలా చట్టం చేస్తుంది అన్నది అందులో పెద్ద ప్రశ్న.

ఇప్పుడు ఆ మూడో ప్రశ్న దగ్గరికి వద్దాం. వైన్ షాపులు.

రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాలని నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలి అంటుంది. మన దగ్గర ఏం జరిగిందంటే, 1980ల్లో వారుణి వాహిని అనే పేరుతో సారాని ప్యాకెట్లలో పోయించి మారుమూల పల్లెలకి కూడా చేర్చింది ప్రభుత్వమే. కూలి డబ్బులు ఇంటికి రాకముందే సారా కొట్టుకి పోయేవి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చి, రాత్రి బడుల్లో ఆడవాళ్లు కూర్చుని చదువుకుంటూ తమ బతుకు గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాక దూబగుంటలో రోశమ్మ, ఆమెతో ఉన్న మహిళలు సారా కొట్టు మూయించారు. అక్కడి నుంచి ఊరూరా పాకింది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. తర్వాత ఎన్టీఆర్ ఇచ్చిన మాట ప్రకారం 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చి, రెండేళ్లు తిరిగాక 1997లో ఎత్తేశారు. ఎందుకు ఎత్తేశారు అంటే రెండు కారణాలు చెప్పారు, పక్క రాష్ట్రాల నుంచి దొంగ మందు, ఊళ్లలో నాటుసారా ఆగట్లేదు అని, ఖజానా ఖాళీ అయింది అని. మొదటిది నిజమే, కానీ నిర్ణయం తీసుకునేలా చేసింది రెండోదే అనుకుంటాను.

అప్పటి నుంచి ఏ పార్టీ వచ్చినా మందు లెక్క బడ్జెట్ లెక్కే. తెలంగాణలో 2,620 షాపులకి 2023లో అప్లికేషన్లు పిలిస్తే, ఒక్కో అప్లికేషన్‌కి 2 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు, అయినా లక్షా ముప్పై వేలకి పైగా వచ్చాయి, షాపు తెరవకముందే ప్రభుత్వానికి 2,600 కోట్లకి పైగా. ఆంధ్రలో 2019లో దశలవారీగా నిషేధం అని చెప్పి షాపులని ప్రభుత్వమే తీసుకుంది, సంఖ్య తగ్గించింది, రేట్లు విపరీతంగా పెంచింది, చివరికి 2022లో అదే మద్యం ఆదాయాన్ని చూపించి బేవరేజెస్ కార్పొరేషన్ ద్వారా బాండ్లు అమ్మి 8 వేల కోట్లకి పైగా అప్పు తెచ్చింది. రాబోయే ఏళ్ల తాగుడుని తాకట్టు పెట్టాక ఇంక నిషేధం ఎలా వస్తుంది? 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి ప్రైవేటు షాపులు తెచ్చి, 99 రూపాయలకే క్వార్టర్ అంది. కల్తీ, నాటుసారా బదులు ఇది నయం అని వాదన, అందులో కొంత నిజం ఉంది కూడా. కానీ ఏ ప్రభుత్వమైనా, ఈ ఏడాది మందు అమ్మకాలు తగ్గాయి, ఇది మా విజయం అని చెప్పుకోవడం మీరు ఎప్పుడైనా విన్నారా?

పొగాకు సంగతి క్లుప్తంగా చెప్తాను. 2003లో చట్టం, 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం బంద్, 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం బొమ్మల హెచ్చరిక. 2019లో ఈ-సిగరెట్లని పూర్తిగా నిషేధించారు. మామూలు సిగరెట్టుని మాత్రం ముట్టుకోలేదు. గుంటూరులో టొబాకో బోర్డు ఉంది, ప్రకాశం, నెల్లూరు, గోదావరి జిల్లాల రైతుల బతుకు దాని వేలం కేంద్రాల మీద ఆధారపడి ఉంది, దేశంలో అతిపెద్ద సిగరెట్ కంపెనీలో ఎల్‌ఐసీకి పెద్ద వాటా ఉంది. కొత్తగా వచ్చినదానికి వెనకాల రైతు లేడు, పన్ను లేదు, వాటా లేదు, కాబట్టి నిషేధించడం తేలిక. రైతుని రోడ్డు మీద పడేయమని నేను అనట్లేదు, వేరే పంటకి మారడానికి గట్టి సాయం కావాలి. నిషేధం ఎక్కడ పడుతుందో ఎక్కడ పడదో నిర్ణయించేది హాని మాత్రమే కాదు అన్నది మనం గమనించాలి అంటున్నా.

ఈ వ్యాపారాల్లో ఇంకో చిక్కు ఉంది. మందైనా, జూదమైనా చాలా దేశాల్లో చేసిన అధ్యయనాలు చెప్పేది ఏంటంటే ఆదాయంలో పెద్ద భాగం వచ్చేది అప్పుడప్పుడు సరదాగా వాడేవాళ్ల నుంచి కాదు, మానలేని కొద్దిమంది నుంచి. బాధ్యతగా ఆడండి, మితంగా తాగండి అన్న సలహాని వాళ్లు నిజంగా పాటిస్తే కంపెనీ లాభమూ పడిపోతుంది, ప్రభుత్వ పన్నూ పడిపోతుంది. అందుకే ఆ హెచ్చరికలు గబగబా చదివేస్తారు.

మరి నిషేధం ఒకటే దారా? కాదు, మధ్యలో చాలా మెట్లున్నాయి, మనం వాటిని సరిగ్గా వాడుకోలేదు. బ్రిటన్‌లో బెట్టింగ్ షాపుల్లో ఉండే మిషన్ల మీద ఒక్కసారికి 100 పౌండ్ల దాకా పందెం పెట్టనిచ్చేవాళ్లు, 2019 ఏప్రిల్‌లో దాన్ని 2 పౌండ్లకి దించేశారు. 2020లో క్రెడిట్ కార్డుతో జూదం ఆపేశారు. 2021లో ఆన్‌లైన్ స్లాట్ ఆటల్లో ఒక స్పిన్‌కీ ఇంకో స్పిన్‌కీ మధ్య కనీసం 2.5 సెకన్లు ఉండాలన్నారు. నన్ను ఇంక ఆడనివ్వకండి అని ఒక్కచోట పేరు రాయించుకుంటే లైసెన్సున్న సైట్లన్నీ తలుపు మూసెయ్యాలి. గమనించండి, ఇవి మనిషికి నీతులు చెప్పట్లేదు, వస్తువు పట్టునే వదులు చేస్తున్నాయి, వేగం తగ్గించు, పందెం తగ్గించు, అప్పు ఆపు అని. అక్కడంతా బాగైపోయిందని కాదు, కానీ సరైన చోట చెయ్యి పెట్టారు.

మన పక్కనే తమిళనాడు ఇలాంటి ప్రయత్నం చేసింది. రమ్మీ నిషేధాన్ని కోర్టు ఒప్పుకోకపోయేసరికి, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆట బంద్, ఆధార్‌తో చెకింగ్, గంట దాటి ఆడితే హెచ్చరిక అని రూల్స్ పెట్టింది. కంపెనీలు దీనిమీద కూడా కోర్టుకెళ్లాయి, అర్ధరాత్రి ఆపితే మా వ్యాపార స్వేచ్ఛ పోతుందని. 2025 జూన్‌లో మద్రాస్ హైకోర్టు ఆ రూల్స్ సరైనవే, ప్రజల ఆరోగ్యం కోసం రాష్ట్రం ఇలా చెయ్యొచ్చు అంది. మూడు నెలలు తిరక్కుండానే కేంద్రం నిషేధం వచ్చింది కాబట్టి ఆ రూల్స్ పనిచేశాయా లేదా అని చూసే అవకాశమే లేకుండా పోయింది. నాకు అది పెద్ద నష్టమే అనిపిస్తుంది, ఎందుకంటే రేపు వేరే వస్తువు విషయంలో మనకి పనికొచ్చే అనుభవం అది.

నిషేధంతో ఆట నిజంగా ఆగిందా అంటే, యాడ్లు పోయాయి, పెద్ద యాప్‌లు పోయాయి, ఇంటర్ చదివే పిల్లాడు సరదాగా అందులోకి అడుగుపెట్టే దారి చాలావరకు మూసుకుంది, ఇది చిన్న విషయం కాదు. కానీ ఇప్పటికే బానిస అయినవాడికి విదేశాల్లో ఉన్న బెట్టింగ్ సైట్లు ఉన్నాయి, టెలిగ్రామ్ గ్రూపులు ఉన్నాయి, ఐపీఎల్ రోజుల్లో ఊళ్లో బుకీ ఉన్నాడు. కొత్త చట్టం రాకముందే అవన్నీ చట్టవిరుద్ధం, అయినా నడిచాయి. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లని ప్రమోట్ చేశారని సినిమా నటుల మీద, యూట్యూబర్ల మీద హైదరాబాద్‌లో కేసులు పెట్టారు, అంతకుముందు ఏళ్ల తరబడి ఆ ప్రమోషన్లు అందరి ఫోన్లలో బహిరంగంగానే తిరిగాయి. సైటుని బ్లాక్ చేస్తే పేరులో ఒక అక్షరం మార్చుకుని మళ్లీ వస్తుంది, డబ్బు వెళ్లే ఖాతాలని పట్టుకోవడం ఒక్కటే అసలైన ఆయుధం, చట్టంలో ఆ అధికారం ఉంది, దాన్ని రోజూ వాడే వ్యవస్థ కావాలి. దానితో పాటు వైద్యం కావాలి. 28 శాతం పన్ను వసూలు చేసిన రెండేళ్లలో అందులో కొంచెమైనా పక్కన పెట్టి జిల్లాకో క్లినిక్ పెట్టి ఉండాల్సింది.

ఇక రీల్స్, సోషల్ మీడియా. ఇక్కడ పందెం లేదు, పోయేది డబ్బు కాదు టైము, నిద్ర, చదువు. కాబట్టి జూదం చట్టం తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్ నుంచి 16 ఏళ్ల లోపు పిల్లలకి అకౌంట్లు ఉండకూడదంది. చైనా 2021లో పిల్లలకి ఆన్‌లైన్ గేమ్స్ శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా ఒక్క గంటే అంది. మన 2023 డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లల మీద నిఘా పెట్టి యాడ్లు చూపించకూడదు, తల్లిదండ్రుల అనుమతి ఉండాలి అని ఉంది. నా మటుకు నాకు వయసు నిషేధం కంటే ఇలా కంపెనీలనే కట్టడి చేసే దారి మీద ఎక్కువ ఆశ ఉంది, ఎందుకంటే వయసు అబద్ధం చెప్పడం పిల్లలకి రెండు నిమిషాల పని, కానీ ఆగకుండా వచ్చే వీడియోలు, రాత్రి పూట నోటిఫికేషన్లు, పిల్లాడు ఎక్కడ ఎక్కువసేపు ఆగాడో చూసి అదే మళ్లీ మళ్లీ వడ్డించడం, ఇవి కంపెనీ చేతిలో ఉన్న స్విచ్చులు. ఇక్కడ ఇంకా ప్రభుత్వానికి ప్రతి క్లిక్కు మీద వాటా లేదు, మందు లాగా ఖజానా దీని మీద నిలబడి లేదు. గట్టిగా అడగగలిగే సమయం ఇదే.

ఇది చదువుతున్నవాళ్లలో ఇంట్లో ఎవరైనా బెట్టింగ్‌లోనో రమ్మీలోనో ఇరుక్కుని ఉంటే, కేంద్రం తెచ్చిన కొత్త చట్టంలో ఆడినవాళ్లకి శిక్ష లేదు, రాష్ట్ర చట్టాల సంగతి వేరు, ఫిర్యాదు చెయ్యడానికి సైబర్ నేరాల నంబర్ 1930 ఉంది, డబ్బు వెళ్లిన యూపీఐ ఐడీలు, స్క్రీన్‌షాట్లు డిలీట్ చెయ్యకుండా దాచండి. మనసు సంగతి మాట్లాడటానికి టెలీ మానస్ 14416 ఉంది, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి, బెంగుళూరు నిమ్హాన్స్‌లో అయితే టెక్నాలజీ వ్యసనాల కోసమే ఒక క్లినిక్ 2014 నుంచి నడుస్తోంది. అప్పులు తీర్చేసి ఊరుకోకండి, అప్పు తీరితే కొత్త అప్పుకి దారి తెరుచుకుంటుంది, ముందు ఫోన్‌లో పేమెంట్ యాప్‌ల లిమిట్ తగ్గించి, ఆ తర్వాతే అప్పుల లెక్క మొదలుపెట్టండి.